అడుగని హితవు
(బిడ్డల పెంపకమున బంధుమిత్రుల మాటను గూర్చి)



మాది విజయనగరము జిల్లా, నెల్లిమర్ల మండలములోని రామతీర్థము. కోదండరాముని క్షేత్రముగా ఈ యూరు మీకందఱకు తెలిసినదే. గురుభక్తుల కొండమీద బౌద్ధభిక్షువులు నివసించిన విహారముల శిథిలములున్నవని, చుట్టుప్రక్కల గుహలలో జైనమునుల గుర్తులున్నవని తెలిసినవారు మాత్రము కొంత తక్కువ. ఇచ్చటి యొక గుహలో తూర్పుచాళుక్యుడైన విమలాదిత్యుని కాలపు శాసన మొకటి కలదు. ఆయన రాజరాజనరేంద్రునకు తండ్రి. 11వ శతాబ్ది మొదట వేంగి రాజ్యము నేలినవాడు. ఆ రాజునకు గురువైన త్రికాలయోగి సిద్ధాంతదేవు డను జైనాచార్యుడు ఈ రామకొండకు భక్తితో నమస్కరించెనని ఆ శాసనము చెప్పుచున్నది.

రాజునకు గురు వుండెను. సందేహము కలిగినప్పుడు రాజే గురువును సమీపించును. గురువు ప్రశ్న విని బదులు చెప్పును. కోరి వినెడు హితవునకు మన దేశమున ఇట్టి మర్యాద యొకటి యుండెను. బిడ్డను పెంచు నింటికి వచ్చు హితవు మాత్రము ఈ మర్యాదను పాటింపదు. దానికై యెవరును కొండ యెక్క నక్కఱలేదు. అదియే నడచి మన గుమ్మములోనికి వచ్చును. అడుగనిదే అమ్మయైనను పెట్టదని లోకోక్తి. అన్నము విషయమున అది నిజమేమో కాని, హితవు విషయమున మన యమ్మలు, అత్తలు, పెదతల్లులు, పిన్నమ్మలు, ఇరుగుపొరుగువారు అడుగకయే విస్తరినిండ వడ్డింతురు. ఆ వడ్డనకు మన ప్రాంతపు చరిత్రలో ఎట్టి ఫలములు కలిగినవో, దానిని పెద్దలు ఎట్లు పెట్టవలెనో, పిన్నలు ఎట్లు పుచ్చుకొనవలెనో నేడు మనవి చేసెదను.

మొదట ఒక న్యాయము చెప్పవలెను. బంధువులు కల్పించుకొనుట వట్టి చొరవ కాదు. మన సంప్రదాయములో బిడ్డ తల్లిదండ్రు లిద్దఱి సొత్తు మాత్రమే కాడు. తొలిచూలు పురుడు పుట్టినింట పోయవలెను. అనగా అమ్మమ్మకు పని. పుట్టువెండ్రుకలు తీయునప్పుడు, చెవులు కుట్టునప్పుడు బిడ్డ మేనమామ యొడిలో కూర్చుండవలెను. ఆడపిల్ల యైనచో పెండ్లినాడు గంపలో నెత్తికొని వచ్చువాడును మేనమామయే. బారసాలకు మేనత్త రావలెను. నీళ్లు పోయుటకు, సాంబ్రాణి ధూపము వేయుటకు, కాళ్లమీద పరుండబెట్టుకొని నలుగు పెట్టుటకు నాయనమ్మ యుండవలెను. ఇన్ని చేతులు బిడ్డను మోయునప్పుడు ఇన్ని నోళ్లు మాటాడుట వింత కాదు. పని పంచుకొన్నవారికి మాట పంచుకొను అధికారము కూడ నుండెను. ఈ సంగతిని గుర్తుంచుకొనుడు. నేను చెప్పబోవున దంతయు దీనిమీదనే నిలుచును.

రామక్షేత్రమున పుట్టినవాడను గనుక రామకథనుండియే రెండు దృష్టాంతములు చెప్పెదను. దశరథుని కొలువునకు విశ్వామిత్రుడు వచ్చి రాముని తన వెంట పంపుమనెను. బిడ్డకు పదునాఱేండ్లైన నిండలేదని తండ్రి వడకిపోయెను. అప్పుడు వసిష్ఠుడు తనంత తానుగా కలుగజేసికొని పంపుమని బోధించెను. ఆ ఋషి యెవరో, ఆయన శక్తి యేమో ఎఱిగి చెప్పిన మాట యది. తీసికొనిపోయిన విశ్వామిత్రుడును ఊరకుండలేదు. దారిలోనే బల, అతిబల యను విద్యల నుపదేశించి, బిడ్డలు ఆకలిదప్పులకు నొవ్వకుండ చూచి, అస్త్రములిచ్చి, తన వెంటనే నడపించెను. ఇది యొక హితవు.

రెండవది మంథర చెప్పినది. ఆమెయు బిడ్డ మేలు కోరియే చెప్పినట్లు మాటాడెను. నీ కొడుకు ఏమైపోవునో యని కైకకు భయము నూరిపోసెను. ఆ భరతుడు ఇంట లేడు. అతని మనసేమో అడిగినవారు లేరు. మాట చెప్పి మంథర తన దారిని పోయెను. మగనిని పోగొట్టుకొన్నది కైక. కన్నకొడుకుచేత నిందింపబడినది కైక. పదునాలుగేండ్లు నారచీరలు కట్టి నందిగ్రామమున కృశించినవాడు భరతుడు. రెండును అడుగని హితవులే. ఒకదాని వెనుక చేయి యున్నది; రెండవదాని వెనుక నోరు మాత్రమే యున్నది.

భారతమున విదురు డున్నాడు. దుర్యోధనుడు పుట్టినప్పుడు దుశ్శకునములు చూచి ఆ బిడ్డను విడువుమని ధృతరాష్ట్రునకు చెప్పెను. ఏ తండ్రియు వినలేని మాట యది. వినలేదని విదురు డలిగి కూర్చుండలేదు. లక్కయింటి కుట్ర తెలిసినప్పుడు పాండవులకు హెచ్చరిక చెప్పి, అంతటితో విడువక, సొరంగము త్రవ్వుటకు ఒక ఖనకుని కూడ పంపెను. మాట చెప్పుట వేఱు, గునపము పట్టువానిని పంపుట వేఱు.

ఇక పురాణములు విడిచి శాస్త్రములలోనికి వత్తము. పెద్దల మాట యనగా ఒకేమాట యని మనము భ్రమపడుచుందుము. పెద్దలలో పెద్దలైన వైద్యాచార్యులే ఏకాభిప్రాయులు కారు. పుట్టిన బిడ్డకు తల్లిపాలు ఎప్పుడు పట్టవలెనను సంగతి చూడుడు. మొదటి మూడునాళ్లు పాలు చక్కగా దిగవు గనుక తేనె, నేయి నాకించుచుండవలెనని సుశ్రుతము. తేనె నేతులు నాకించి, ఆ వెంటనే కుడి చన్ను పట్టవలెనని చరకము. మన పల్లెలలో మొదటి మతమే వ్యాపించెను. ముఱ్ఱుపాలు పిండి పాఱబోయుట, బిడ్డకు ఆముదమో, తేనెయో, బెల్లపునీళ్లో పోయుట తరతరముల ఆచార మయ్యెను. మంత్రసాని చెప్పినది, అమ్మమ్మ చేసినది, తల్లి యొప్పుకొన్నది.

నేటి వైద్యమున ఈ తగవు తీఱిపోయినది. ముఱ్ఱుపాలలో బిడ్డను రోగములనుండి కాపాడు గుణమున్నదని, పుట్టిన గంటలోపల వానిని పట్టవలెనని, ఆఱు నెలలు నిండువఱకు తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడ అక్కఱలేదని, ఏడాది నిండనిదే తేనె నాకింపరాదని వైద్యులు నిశ్చయించినారు. మన అమ్మమ్మలు బిడ్డమీద ప్రేమ లేక ముఱ్ఱుపాలు పాఱబోయలేదు. వారికి అందిన యెఱుక అంత. ప్రేమ యెంత స్వచ్ఛమైనను అది యెఱుకకు బదులు నిలువదని దీనివలన తెలియుచున్నది. పెద్దలమైన మనము మొదట నేర్చుకొనవలసిన పాఠ మిది.

హితవు తప్పు దారి పట్టినచో ఎంత దూరము పోవునో చూపుటకు మన జిల్లాలోనే ఒక లెక్క యున్నది. విజయనగర ప్రభువైన ఆనందగజపతి మహారాజు నాటి విశాఖపట్టణము జిల్లాలో బ్రాహ్మణకుటుంబములందు మూడేండ్లలో జరిగిన కన్యాశుల్క వివాహములకు ఒక పట్టిక తయారు చేయించెను. నేటి విజయనగరము జిల్లా 1979లో ఏర్పడినది. ఆనాడు ఈ సీమ విశాఖపట్టణము జిల్లాలోనిదే. ఆ పట్టికలోని సంగతులను గురజాడ అప్పారావుగారు 1897లో అచ్చువేసిన కన్యాశుల్క నాటకపు పీఠికలో తెలిపిరి. నమోదైన పెండ్లిండ్లు 1,034. అందు అయిదేండ్ల పిల్లలు 99 మంది, నాలుగేండ్లవారు 44, మూడేండ్లవారు 36, రెండేండ్లవారు 6, ఏడాది పిల్లలు ముగ్గురు. కూడి చూచినచో అయిదేండ్లు దాటని పసిపిల్లలు 188 మంది. నూటికి పదునెనిమిది మందికి పైగా. ఆ ఏడాది పిల్లలకు పలికిన వెల 350 మొదలు 400 రూపాయలు. సొమ్ము పుచ్చుకొన్న సంగతి బయట పెట్టుకొనుట కెవరును ఇష్టపడరు గనుక ఈ లెక్క సంపూర్ణము కాదని కూడ గురజాడవారే చెప్పిరి.

ఈ వెయ్యిన్ని ముప్పదినాలుగు ఇండ్లలో తండ్రు లందఱు క్రూరులే యనుకొనుట సులభము. నాకట్లు తోచదు. ఒక్క తండ్రి తనంత తాను ఏడాది పిల్లకు పెండ్లి తలపెట్టడు. చుట్టు నలుగురు చేరి అనవలెను. సంబంధము మంచిది, ఇప్పుడు తప్పినచో మరల దొరకదు, ఫలానావారి పిల్లకు అప్పుడే అయినది, నీ పిల్ల మాత్రము ఎన్నాళ్లుండును, ఊరివారు ఏమనుకొందురు. ఇట్టి మాటలే తాటిపట్టెలై ఆ పందిళ్లను నిలబెట్టినవి. పెండ్లిభోజనములు ముగియగానే మాట చెప్పినవారు ఎవరి యూళ్లకు వారు పోయిరి. ముసలి మగడు పోయి, ఆ పిల్ల పదేండ్లకే తల చెడి పుట్టినింట కూర్చున్నప్పుడు ఆమె బ్రదుకును మోసినవారు కన్నవారు మాత్రమే.

గురజాడవారు ఆ నాటకములో ఈ సంగతిని చక్కగా పట్టుకొనిరి. అగ్నిహోత్రావధానులు చిన్నకూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధానుల కీయ నిశ్చయించెను. పెద్దకూతురు బుచ్చమ్మ విధవయై ఇంటనే యున్నది. అయినను ఆయనకు బుద్ధి రాలేదు. తల్లి వెంకమ్మ యేడ్చెను. ఆమె తోబుట్టువు కరటకశాస్త్రి, పిల్లకు మేనమామ, ఆ సంబంధము కూడదనెను. ఇదియు అడుగని హితవే. బావమఱిది మాటను బావ త్రోసివేసెను. ఇక్కడ కరటకశాస్త్రి చేసినది గమనింపుడు. నాకేమి, చెప్పవలసినది చెప్పితినని యెత్తిపోలేదు. తన శిష్యునకు ఆడవేషము కట్టి లుబ్ధావధానులకు పెండ్లి చేసి, ఆ సంబంధము తప్పునట్లు పన్నాగము పన్నెను. పన్నాగము మంచిదా చెడ్డదా యను వాదము వేఱు. మేనగోడలిని గూర్చి చెప్పిన మాటకు తన తలను పూచీగా పెట్టిన మేనమామ యతడు. ఆ నాటకము 1892లో విజయనగరమున మొదట ఆడబడినది. చూచినవారిలో ఎందఱో సుబ్బులకు తండ్రులు, మేనమామలు ఉండియే యుందురు.

ఇట్టిదే మఱొకటి గోదావరి తీరమున జరిగినది. విధవలకు మరల పెండ్లి చేయవలెనని కందుకూరి వీరేశలింగముగారు చెప్పిన మాట నాటి తల్లిదండ్రులెవరును అడిగి వినినది కాదు. అయినను ఆయన ఉపన్యాసములతో సరిపెట్టుకొనలేదు. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున తన యింటనే మొదటి పునర్వివాహము జరిపించెను. వంటవారు, నీళ్లవారు మానివేయగా భార్య రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరినుండి నీళ్లు మోసి వంట చేసిరి. ఆమె బిందె మోసినందుననే ఆయన మాట నిలిచెనని నా నమ్మకము.

తరువాతి కాలమున ప్రభుత్వమే హితవు చెప్పెను. హరవిలాస శారదాగారి పేర ప్రసిద్ధమైన బాల్యవివాహ నిరోధక చట్టము 1929లో శాసనమై, 1930 ఏప్రిలు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. పిల్లకు పదునాలుగేండ్లు, పిల్లవానికి పదునెనిమిదేండ్లు నిండవలె నని దాని విధి. నడుమ నున్న ఆ కొద్ది నెలలలో దేశమంతట ఏమి జరిగెనో మన పెద్దలు కథలుగా చెప్పుచుండిరి. చట్టము వచ్చి పడకముందే ముడి వేయుడని బంధువులు తొందరపెట్టగా పసిపిల్లలకు గుంపులు గుంపులుగా పెండ్లిండ్లు జరిగినవి. నేటికి చట్టప్రకారము ఆడపిల్లకు పదునెనిమిది, మగపిల్లవానికి ఇరువదియొక్క యేండ్లు. 1978లో చేసిన సవరణ యది. అయినను, పిల్ల పెద్దదైనది, ఎన్నాళ్లుంతురు అను ప్రశ్న ఇంకను కొన్ని వీథి యరుగులమీద వినబడుచునే యున్నది. అడుగువారు ఆ పిల్ల చదువునకు ఒక రూపాయి యిచ్చినవారు కారు.

ఇప్పుడొక చిక్కు ప్రశ్న. మాట వెనుక చేయి యున్నంతమాత్రమున ఆ మాట సరియైనదేనా? కాదని మశూచికపు చరిత్ర చెప్పుచున్నది. పూర్వము మన పల్లెలలో అమ్మవారు పోసినప్పుడు బిడ్డను విడువక కూర్చున్న దెవరు? నాయనమ్మయో, అమ్మమ్మయో. గుమ్మమునకు వేపమండలు కట్టి, వేపాకులపై పరుండబెట్టి, రాత్రింబవళ్లు విసరి, తనకు అంటునను భయము లేక సేవ చేసినది ఆమెయే. గోవుమశూచి టీకా మన దేశమునకు 1802లోనే వచ్చినది. అయినను టీకాలవాడు ఊరిలోనికి వచ్చినప్పుడు బిడ్డను అటుకమీద దాచినదియు ఆమెయే. అమ్మవారికి కోపము వచ్చునని ఆమె భయము. చేయి యున్నది, ప్రేమ యున్నది, ఎఱుక లేదు.

కాని అచ్చటితో కథ ముగియలేదు. బిడ్డల ప్రక్కన కూర్చున్నది గనుక ఆమె కండ్లు చూచినవి. టీకా వేయించుకొన్న యింట బిడ్డలు బ్రదుకుట, వేయించుకొనని యింట ఉయ్యెల ఖాళీయగుట ఆమె చూచెను. తరము మాఱు లోపల ఆ నాయనమ్మలే మనుమలను చంకన బెట్టుకొని టీకాలవాని యెదుట నిలిచిరి. దేశీయమైన మశూచికము 1975లో మన దేశమునుండి తొలగెను. 1980లో లోకమంతటినుండి తొలగినట్లు ప్రపంచ ఆరోగ్యసంస్థ ప్రకటించెను. టీకాలు వేసిన ఉద్యోగుల చేతులతోపాటు మనసు మార్చుకొన్న ఆ ముసలమ్మల చేతులును ఇందున్నవి.

కావున చేయి యున్న మాటకు గల గొప్పతన మేమనగా, అది తన తప్పును తాను దిద్దుకొనగలదు. చేసి చూచువానికి ఫలము కనబడును. దూరమున నుండి చెప్పువానికి ఏమియు కనబడదు గనుక అతని మాట ముప్పదియేండ్లైనను మాఱదు.

బడిపంతులుగా నేను చూచిన చిన్న సంగతి యొకటి చెప్పెదను. మా బడిలో ఒక పిల్లవాడు ఎడమచేతితో వ్రాయుచుండెను. పేరు చెప్పనక్కఱలేదు. మేనత్త వచ్చి ఆ చేయి గుడ్డతో కట్టివేయుమనెను. పొరుగున నున్న పెద్దమనిషి ఒకడు వ్రేళ్లమీద బెత్తముతో కొట్టుమని నాకే చెప్పెను. తల్లి యేమియు తోచక కన్నీరు పెట్టుకొనెను. పిల్లవాని తాత, తల్లికి తండ్రి, పాతకాలపు మనిషి. ఆయనకును ఎడమచేయి నచ్చలేదు. కాని ఆయన, ‘కట్టవద్దు, కొట్టవద్దు, నేనే కూర్చుండబెట్టుకొని కుడిచేత వ్రాయించెదను’ అనెను. దినమును దీపముల వేళ మనుమనిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని పలకమీద దిద్దించెను. పదిదినము లైనవి. కుడిచేతి అక్షరములు వంకరలు తిరిగినవి. పిల్లవానికి మాటలో తడబాటు మొదలైనది. ఆయన బడికి వచ్చి, ‘పంతులుగారూ, భగవంతుడు వీనికి ఎడమచేతనే వ్రాత వ్రాసినాడు. ఇక నేను అడ్డము రాను’ అని చెప్పి పోయెను. ఆ తడబాటు కొలదినాళ్లకు పోయినది. మేనత్తయు పొరుగు పెద్దమనిషియు ఏండ్ల తరబడి తమ మాటయే చెప్పుచుండిరి. వారెన్నడును ఆ పలక ముందు కూర్చుండలేదు.

పూర్వము చేతికిని నోటికిని ఇంత యెడము లేకుండెను. మన ప్రాంతమునుండి 19వ శతాబ్ది చివరి కాలము మొదలు వేలకొలది జనము ‘రంగము’నకు, అనగా బర్మాలోని రంగూనునకు, కూలికి పోయెడివారు. 1942లో యుద్ధము వచ్చి పడువఱకు ఈ రాకపోకలు సాగినవి. తండ్రి సముద్రము దాటి పోగా, కొన్ని యిండ్లలో తల్లియు వెంట పోగా, బిడ్డ నాయనమ్మ చేతిలో పెరిగెను. ఆ నాయనమ్మ మాటకు ఎదురుండెడిది కాదు, ఉండరాదు కూడ. గంజి కాచినది ఆమె, జ్వరము వచ్చిన రాత్రి మేలుకొన్నది ఆమె.

నేడు దిక్కు మాఱినది. బిడ్డలు తల్లిదండ్రులతో విశాఖపట్టణముననో, హైదరాబాదుననో, చెన్నపట్టణముననో పెరుగుచున్నారు. నాయనమ్మ ఊరిలో నున్నది. చేయి చాపినను ఉయ్యెల అందదు. మాట మాత్రము టెలిఫోనులో క్షణమున అందును. మునుపు పని పంచుకొనుటవలన వచ్చిన మాటహక్కు, ఇప్పుడు పని లేకయే మిగిలిపోయినది. బిడ్డ చిక్కినాడు, ఇంకను మాట రాలేదేమి, ఇంకను నడువలేదేమి, ఫలానావాడు అప్పుడే పద్యములు చెప్పుచున్నాడు. ఇట్లు దినమునకు నాలుగు నోళ్లనుండి వినిన చిన్నతల్లి రాత్రి నిద్రపోదు. మనము ప్రేమతో పంపినది ఆమెకు నేరారోపణగా చేరుచున్నది. క్రమముగా ఆమె టెలిఫోను తీయుట మానును. అప్పుడు మన తప్పుడు మాటలతోపాటు మన మంచిమాటలు కూడ ఆ యింటికి చేరవు. పెద్దలారా, మనకు కలుగుచున్న నష్టమిదియే. బిడ్డ మనలను ఎఱుగక పెరుగును.

అట్లని పెద్దలు నోరు కట్టుకొని కూర్చుండవలెననుట నా యభిప్రాయము కాదు. బంధుమిత్రుల హితవు లేనిచో మన సీమలో గొప్పవారు కొందఱు గొప్పవారు కాకపోయియుందురు. గురజాడ అప్పారావుగారు చిన్నతనముననే తండ్రిని పోగొట్టుకొనిరి. విజయనగరమున మహారాజావారి కళాశాల ప్రధానోపాధ్యాయులైన చంద్రశేఖరశాస్త్రిగారు ఆ బాలునకు చదువుకొమ్మని హితవు చెప్పి ఊరకుండలేదు. తమ యింటనే అన్నము పెట్టి ఉంచుకొనిరి. ఆయన సహాధ్యాయియైన గిడుగు రామమూర్తిగారును చిన్ననాడే తండ్రిని కోల్పోయి, అయినవారి యాసరాతో విజయనగరమున చదివినవారే. ఆ యిద్దఱు పిల్లలకు ఊరివా రెందఱు ఎన్ని సలహాలు చెప్పిరో ఎవరికిని జ్ఞాపకము లేదు. అన్నము పెట్టిన యిల్లు చరిత్రలో నిలిచినది.

ఇక నా మనవి. మొదట తోడి పెద్దలకు. బిడ్డను గూర్చి ఒక మాట నోటికి వచ్చినప్పుడు, దీని వెనుక నా చేయి యున్నదా యని ప్రశ్నించుకొందము. బిడ్డకు అన్నము సరిపోవుట లేదని తోచినచో, చెప్పుటకు ముందు నాలుగు దినములు పోయి వండిపెట్టి చూతము. చదువు రాలేదని తోచినచో, సెలవులకు పిలిపించుకొని మనమే దగ్గఱ కూర్చుందము. అంత తీఱిక, ఓపిక లేనిచో ఆ మాట మనకు చెందినది కాదనుకొందము. ఒంటిని గూర్చిన సంగతులలో, అనగా పాలు, మందు, టీకా, జ్వరము, వీనిలో మన యనుభవము కన్న నేటి వైద్యుని యెఱుక పెద్దదని యొప్పుకొందము. లాలిపాట, కథ, నీతి, తెలుగు పలుకు, వీనిలో మన చేయియే పెద్దది. అది వెనుకంజ వేయవలసిన పని లేదు. బిడ్డ వినుచుండగా తల్లిని తప్పుపట్టుట మాత్రము ఏ కాలమునను హితవు కాదు. తల్లి మాటకు విలువ లేదని ఆ బిడ్డకు నేర్పినవార మగుదుము. ఒక బిడ్డను మఱియొక బిడ్డతో తూచుటయు అట్టిదే.

తరువాత చిన్నవారికి. చెప్పిన ప్రతిమాటకు బదులు చెప్పవలెనని లేదు. ప్రతిమాటను చేయవలెననియు లేదు. వినుట మర్యాద, చేయుట వివేచన. ‘మంచి మాట చెప్పితివి పెద్దమ్మా, డాక్టరుగారిని కూడ అడిగి చూచెదము’ అన్నచో పెద్దమ్మకు గౌరవము దక్కును, బిడ్డకు క్షేమము దక్కును. అత్తవారి వైపువారికి కోడలిచేత బదులు చెప్పింపక మగడే చెప్పవలెను. పుట్టినింటివారికి అల్లునిచేత గాక కూతురే చెప్పవలెను. ఎవరి రక్తము వారి మాటను తప్పుగా పట్టుకొనదు. ఎక్కువ హితవులు చెప్పు బంధువునకు ఒక పని యప్పగించుడు. ‘అత్తా, సాయంకాలము గంటసేపు వీనిని ఎత్తుకొమ్ము’ అనుడు. నిజమైన ప్రేమ యున్నచో ఆమె సంతోషముతో ఎత్తుకొనును. ఎత్తుకొన్నపిమ్మట ఆమె మాట కూడ మెత్తబడును. ప్రేమ లేనిచో మరల ఆ త్రోవ తొక్కదు. రెండు విధముల మీకు మేలే.

హితవు చెప్పు వయసు మనకు వచ్చినది. ఒకనాడు మనలను కాళ్లమీద పరుండబెట్టుకొని నీళ్లు పోసిన వారెవరో మనకు జ్ఞాపకము లేదు. వారేమి సలహా చెప్పిరో అంతకన్న లేదు. ఆ నీళ్ల వెచ్చదనము మాత్రము మన యొంటిలో ఎక్కడనో యుండియే యుండును. మన మనుమలకు మనము మిగుల్చగలదియు అట్టిదే.